కోరంగి రేవు: ఉప్పెన మార్చిన నేల

బర్మా దేశమున మన తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. రంగూను రేవున మూటలు మోసినవారైనను, ధాన్యపు మిల్లులలో కూలి చేసినవారైనను, ఏ జిల్లానుండి ఓడ ఎక్కి వచ్చినవారైనను, అక్కడివారి నోట కోరంగీలే. ఒక రేవు పేరు ఒక జాతికి పేరైనది. కాని నేడు మన పిల్లలు ఆ రేవును వెదకికొని బయలుదేరినచో వారికి ఓడ కనబడదు, ఓడలు కట్టిన చోటు కనబడదు. కాకినాడనుండి యానాము పోవు దారిలో ఒక చిన్న గ్రామము, దాని వెనుక మడ అడవి, ఆ అడవిలో సన్నని పాయ, ఇంతియే కనబడును.

పేరు సముద్రము దాటిపోయి బ్రదికినది. రేవు ఉన్నచోటనే ఉండి నశించినది. ఇది యెట్లు జరిగినది? రాజులు దండెత్తి రాలేదు. నది మన్ను తెచ్చినది, సముద్రము ఉప్పెన తెచ్చినది. ఆ రెండింటి నడుమ ఒక పట్టణము పోయి ఒక అడవి వెలసినది. ప్రకృతి విపత్తు మనుష్యులను చంపుటతో ఆగదు. అది భూమి రూపమును మార్చును, జీవులకు కొత్త నివాసములు కల్పించును, పాత నివాసములను తుడిచివేయును. ఈ మాటకు గోదావరి సాగరసంగమముకంటె మంచి నిదర్శనము మన భాషాసీమలో మరియొకటి లేదు. అందువలన ఈ సంచికలో ఆ తీరపు కథను మన సోదర కుటుంబముల యెదుట ఉంచదలచితిమి.

నది కట్టిన నేల

గోదావరి మహారాష్ట్రమున నాసిక సమీపమునందలి త్ర్యంబకమువద్ద పుట్టి, సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియుచున్నది. మహారాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు ఒక సంగతి గమనింపవలెను. వారు నేడు త్రొక్కుచున్న నల్లరేగడి నేలలో కొంత భాగము, వరదలో కరగి, నదితో నడచి, కోనసీమలో వరిమడియైనది. ఎగువ తెలుగువారి కాలిక్రింది మన్నే దిగువ తెలుగువారి కంచములోని అన్నము.

ధవళేశ్వరము దిగువన నది గౌతమి, వాసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగ చీలును. పూర్వులు ఏడు పాయలను లెక్కించి సప్తగోదావరమనిరి. చొల్లంగివద్ద తుల్యభాగ, కోరంగివద్ద ఆత్రేయ సముద్రమున కలియుననిరి. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానమాడి, పాయ పాయకు నడచి, అంతర్వేదిలో వాసిష్ఠీ సంగమమున ముగించు సప్తసాగర యాత్ర మన తాతలనాటి ఆచారము. ఆ యాత్రను భక్తిదృష్టితో చూచుట ఒక రీతి. చరిత్రదృష్టితో చూచినచో అది నడిచెడి పటము. ఏడింటిలో కొన్ని పాయలు నేడు పూడి మురుగుకాలువలవలె మిగిలినవి. నది వానిని విడిచినను యాత్రికుడు విడువలేదు. ఒకప్పుడు నీరు ఎక్కడ పారినదో మనకు తెలుపునది ఆ యాత్రికుని అడుగుజాడయే.

ఈ డెల్టా అనాదిగ ఉన్న నేల కాదు. సుమారు 6,000 ఏండ్ల క్రిందట సముద్రపుటంచు నేటికంటె ఎంతయో లోపల ఉండెనని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నాటినుండి నది మన్ను తెచ్చి పోయగా, అలలు ఆ మన్నులోని ఇసుకను విడదీసి ఒడ్డున గట్టుగ పేర్చినవి. కొంతకాలమునకు ఆ గట్టుకు ముందు మరియొక గట్టు లేచినది. ఇట్లు ఒకదాని వెనుక నొకటిగ తీరమునకు సమాంతరముగ సాగు ఇసుక మెరకలు కోనసీమలో నేటికిని కలవు. ఊళ్ళు, కొబ్బరితోటలు, దేవాలయములు తరచుగ ఆ మెరకలమీదనే ఉన్నవి. వరిచేలు నడుమ పల్లములలో ఉన్నవి. మెరకమీద ఇల్లు కట్టుకొనవలెనని మన పూర్వులకు ఏ శాస్త్రమును బోధింపలేదు. వరద బోధించినది, ఉప్పెన బోధించినది. పల్లమున కట్టుకొన్న ఇండ్లు నిలువలేదు.

రెండు ఉప్పెనలు

తుపాను వేరు, ఉప్పెన వేరు. గాలివానకు ఇండ్ల కప్పులు ఎగిరిపోవును, చెట్లు కూలును. ఉప్పెనకు సముద్రమే లేచి ఊరిలోనికి నడచి వచ్చును. తుపాను నడుమ వాయుభారము తగ్గును; ఒక మిల్లీబారు తగ్గినచో సముద్రమట్టము సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. ఇది కొలదిపాటిదే. అసలు బలము గాలిది. ఒడ్డువైపు వీచు గాలి సముద్రజలమును ముందుకు త్రోయును. తీరమువద్ద సముద్రము లోతు తక్కువైనచో ఆ నీటికి క్రిందికి తిరిగిపోవ దారి ఉండదు. గోడవలె పైకి లేచును. అదే వేళకు పోటు కలిసినచో చెప్పవలసినది లేదు. గోదావరి తెచ్చిన మన్నువలన ఈ తీరమున సముద్రము నిస్సారమైనది, అనగా లోతులేనిది. నది నేలను ఇచ్చిన చేతితోనే ఉప్పెనకు మెట్లు కట్టినదని చెప్పవచ్చును.

పదునెనిమిదవ శతాబ్దమున కోరంగి పేరుపొందిన రేవు. అక్కడ ఓడలు కట్టెడివారు, దెబ్బతిన్న ఓడలను బాగు చేసెడివారు. సమీపముననే యానాములో ఫ్రెంచివారు 1723 ప్రాంతమున వర్తకస్థానమును నెలకొల్పిరి. నేతగాండ్రు, అద్దకపువారు, వర్తకులు, నావికులు, వడ్రంగులు, దుబాసీలు ఆ నదీముఖమును ఆశ్రయించి బ్రదికిరి.

1789 డిసెంబరులో మొదటి దెబ్బ తగిలెను. ఒకదాని వెంట నొకటిగ మూడు మహాతరంగములు వచ్చెనని ఆ కాలపు వృత్తాంతములు చెప్పుచున్నవి. మొదటి తరంగము ఓడలను ఒడ్డు కెక్కించెను. తరువాతి రెండును ఊరిని ముంచెను. చనిపోయినవారు 20,000 మంది యని వాడుక.

ఊరు తిరిగి లేచెను. మనుష్యుడు రేవును అంత సులువుగ విడువడు. ఏబది ఏండ్లు గడచెను. 1839 నవంబరు 25న రెండవ దెబ్బ తగిలెను. నలువది అడుగుల ఎత్తున నీరు లేచెననియు, మూడు లక్షలమంది మృతిచెందిరనియు, 20,000 నావలు నాశనమయ్యెననియు పుస్తకములలో ఒకరినుండి ఒకరు వ్రాసికొనుచు వచ్చిరి. ఈ అంకెలను మనము అట్లే గ్రహింపరాదు. నాటి రాజమహేంద్రవరము జిల్లా అంతటిలోను 1841లో లెక్కకు వచ్చిన జనము సుమారు 5 లక్షల 60 వేలు. అందులో ఒక్క రేవు ప్రాంతమున మూడు లక్షలమంది ఒక్కరాత్రి పోయిరనుట పొసగదు. అంకె తగ్గినంత మాత్రమున దుఃఖము తగ్గదు. యానాము సయితము ఆ గాలివానకు, దానివెంట వచ్చిన ఉప్పెనకు పాడయ్యెను.

ఆ కాలమున ఈ జిల్లా పడిన పాట్లు ఒకటి కాదు. 1832-33లో కరవు వచ్చెను. 1839లో ఉప్పెన వచ్చెను. 1821లో ఏడు లక్షలు దాటియున్న జనసంఖ్య ఇరువది ఏండ్లలో పెరుగుటకు బదులు తరిగెను. ఈ దుస్థితి కారణముగనే ప్రభుత్వము విచారణకు పూనుకొనెను. ఆర్థర్ కాటను గోదావరి నీటిని గూర్చి తన నివేదికలను వ్రాసెను. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట మొదలై 1852లో ముగిసెను. నేటి డెల్టా పచ్చదనమునకు ఆనకట్ట కారణమని మనమందరము ఎరుగుదుము. ఆ ఆనకట్టకు వెనుక కరవును, ఉప్పెనయును ఉన్నవని తలచువారు అరుదు.

మరియొక ఫలము కలదు. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు బంగాళాఖాతపు తుపానులను ఓడల దినచర్యల సాయముతో పరిశీలించుచు వచ్చెను. కోరంగి ఉప్పెనలను కూడ అతడు చర్చించెను. చుట్టలు చుట్టుకొన్న పామును తలపించు గ్రీకు మాటనుండి 'సైక్లోన్' అను పేరును కల్పించి, 1848లో నావికులకై తాను ప్రకటించిన గ్రంథమున వాడెను. లోకమంతయు నేడు వాడుచున్న మాట అది. సుందరవనములలో మాతలా నదిపై కొత్త రేవు కట్టదలచినప్పుడు అది ఉప్పెనకు బలియగునని 1853లో అతడు హెచ్చరించెను. వినక కట్టిరి. కానింగు రేవని పేరు పెట్టిరి. 1867లో తుపాను దానిని పాడుచేసెను. కోరంగి నేర్పిన పాఠము వ్రాతలో ఉండెను, చదువవలసినవారు చదువలేదు.

రేవు కదలినది, మనుష్యులు కదలిరి

కోరంగిని ఉప్పెన ఒక్కటియే చంపినదనుట సరిగాదు. ఉప్పెన గాయము, పూడిక క్షయరోగము. నది ఏటేట తెచ్చు ఒండ్రు ఆత్రేయ ముఖమును పూడ్చుచు వచ్చెను. ఓడలు దూరమున నిలువసాగెను. వర్తకము ఉత్తరమునకు కదలి కాకినాడ చేరెను. 1861-65 నడుమ అమెరికాలో అంతర్యుద్ధము జరిగి అక్కడి ప్రత్తి ఆగిపోయినప్పుడు మన ప్రత్తికి గిరాకి పెరిగి కాకినాడ వృద్ధిపొందెను.

కాకినాడకు రక్షణ యిచ్చినదియు ఆ ఒండ్రే. గోదావరి ఇసుకను అలలు ఉత్తరముగ నడిపించి, సముద్రములో చేయి చాచినట్లు ఒక దీర్ఘమైన ఇసుకదిబ్బను కట్టినవి. దానినే హోప్ ఐలాండు అందురు. సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఆ దిబ్బ గత రెండు వందల ఏండ్లలోనే రూపొందినది. చరిత్రలో ఇది నిన్నటి మాట. దాని చాటున కాకినాడ అఖాతము ప్రశాంతముగ ఉన్నది. ఓడలు నిర్భయముగ లంగరు వేయుచున్నవి. కోరంగి నోటిని మూసిన మన్నే కాకినాడకు గోడయైనది.

రేవుతోపాటు మనుష్యులును కదలిరి. కొందరు కాకినాడ చేరిరి. కొందరు ఓడలెక్కి బర్మా చేరిరి. వారినందరిని ఉప్పెనయే తరిమినదని మేము చెప్పబోము. కూలి, అప్పు, ఆశ, పొరుగువాని ఉత్తరము, వీనికి కూడ పాలు కలదు. కాని రేవు పేరు వారి నొసట నిలిచినది. 1941-42లో జపానువారి దండయాత్ర వచ్చినప్పుడు ఆ కోరంగీలలో వేలమంది కొండలు అడవులు దాటి కాలినడకను తిరిగివచ్చిరి. అప్పటికి కోరంగి రేవు లేదు.

మడ అడవి

పూడిన చోట ఏమి మిగిలినది? బురద. పోటున మునిగి, పాటున తేలెడి ఉప్పుబురద. అందులో వరి పండదు, కొబ్బరి నిలువదు. అట్టి చోట బ్రదుక నేర్చినవి మడజాతి చెట్లు. తెల్లమడ బురదలోనుండి పెన్సిళ్ళు నాటినట్లు ఊపిరివేళ్ళను పైకి పంపును. ఉప్పును ఆకులగుండ బయటికి త్రోయును. పొన్న గింజ చెట్టుననే మొలకెత్తి, ఈటెవలె బురదలో దిగి పాతుకొనును. తిల్ల చెట్టు పాలు కంటబడినచో మంటపుట్టునని ఆ అడవికి పోవువారందరును ఎరుగుదురు. ఆ వేళ్ళ నడుమ రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. వానికై నీటికుక్కలును, చేపలు పట్టు బావురుపిల్లియు వచ్చును. బయటి ఇసుకదిబ్బలపై సముద్రపు తాబేళ్ళు చలికాలపు చివర గ్రుడ్లు పెట్టును. ఒక పట్టణమునకు చావు వచ్చిన మార్పు ఇన్ని ప్రాణులకు ఇల్లైనది. 1978లో ప్రభుత్వము 235 చదరపు కిలోమీటర్లకు పైగ ఉన్న ఈ ప్రదేశమును వన్యప్రాణి రక్షణస్థలముగ ప్రకటించెను.

మడ మనుష్యునకును గోడయే. నీటి వేగమును ఆ కొమ్మలు, వేళ్ళు విరుగగొట్టును. బురదను పట్టి నిలుపును. దీనికి ఒరిస్సాలో సాక్ష్యము దొరికినది. 1999 అక్టోబరు మహాతుపానులో కేంద్రాపడా జిల్లాయందు సముద్రమునకు తమకు నడుమ వెడల్పైన మడ అడవి మిగిలియున్న గ్రామములలో మరణములు తక్కువగ ఉండెనని తరువాతి పరిశోధకులు గ్రామగ్రామము లెక్కించి తేల్చిరి.

అయినను మడ ఉన్నచో భయము లేదని ఎవరును అనుకొనరాదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగ తీరము దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చెను. భైరవపాలెము, బలుసుతిప్ప ప్రాంతముల బెస్తవారు, రొయ్యపిల్లలు పట్టుటకు పోయినవారు, ఎందరో ఆ రాత్రి తిరిగి రాలేదు. మొత్తము మృతులు వేయికి పైబడిరి. యానాము ఇండ్లలో ఆ రాత్రిని తలచుకొని నేటికిని గొంతు తగ్గించి మాటలాడువారు కలరు. కూలిన కొబ్బరిచెట్టుకు బదులు నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఆ ఆరేడేండ్లు ఆ ఇంటికి ఆదాయము లేదు. విపత్తు ఒక రాత్రిలో వచ్చి కొన్ని ఏండ్లు కూర్చుండును.

ముందుగ తెలియుట

1864 నవంబరు 1న మచిలీపట్టణమున ఉప్పెనకు సుమారు 30,000 మంది మృతిచెందిరి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది మృతిచెందిరి. నూరేండ్లకు పైబడినను కథ మారలేదు. తంతి వచ్చినది, రేడియో వచ్చినది. కాని చివరి గ్రామమునకు కబురు చేరలేదు, చేరినచోట పోదగిన ఎత్తైన కట్టడము లేదు. దివిసీమ తరువాత తీరమున తుపాను ఆశ్రయగృహములు కట్టిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు ఒరిస్సా ప్రభుత్వము ముందుగనే సుమారు పదిలక్షలమందిని తరలించెను; మృతుల సంఖ్య పదులలో నిలిచెను. బరంపురము, గంజాము ప్రాంతముల మన తెలుగు కుటుంబములు ఆ రాత్రి ఆ కట్టడములలో కూర్చుండి బ్రదికినవి. గాలి తగ్గలేదు, సముద్రము తగ్గలేదు. మనుష్యుడు కొంత నేర్చుకొనెను.

నెమ్మదిగ వచ్చు విపత్తు

ఒక్కరాత్రిలో వచ్చు విపత్తునకు మనము భయపడుదుము. ఏటేట అంగుళము చొప్పున వచ్చు విపత్తును గమనింపము. గోదావరిపై ఎగువన కట్టిన జలాశయములు నీటిని నిలుపుచున్నవి. నీటితోపాటు మన్నును నిలుపుచున్నవి. 1970 దశకమున నది ఏటికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును క్రిందికి తెచ్చెను. 2000-2006 నాటికి అది సుమారు 6 కోట్ల టన్నులకు తగ్గెనని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఆనకట్టలు వలదని మేము అనుటలేదు. అన్నము తినుచు ఆ మాట అనజాలము. కాని ఆరువేల ఏండ్లుగ మన్ను తిని పెరిగిన డెల్టాకు ఆహారము తగ్గినదని తెలిసికొనవలెను. సముద్రము తాను కోసికొనుపాలు మాత్రము తగ్గించుకొనలేదు.

కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో సముద్రము ఇండ్లను, బాటను కోసికొనుచున్న సంగతి అందరును చూచినదే. కాకినాడను కాపాడు ఆ ఇసుకదిబ్బ పెరిగి అలల దిక్కును మార్చుటయు, రేవు కట్టడములు ఇసుక నడకను ఆపుటయు ఇందుకు కారణములలో చేరినవని పరిశీలకులు చెప్పుదురు. ఒకచోట గోడయైనది మరియొకచోట గొడ్డలియైనది. గంజాము తీరమున ఋషికుల్యా ముఖమువద్ద మన తెలుగు బెస్తవారి పొదంపేటను కూడ అలలు కబళింపగా ఊరు లోపలికి తరలవలసివచ్చెను. వరద మాత్రము తగ్గలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారెను, యానాము మునిగెను. 2022 జూలైలో మరల మునిగెను.

ఇట్టి వేళ ఉన్న గోడను మనమే కూల్చుకొనుట తగునా? 1990 దశకమున రొయ్యల చెరువులకై డెల్టాలో మడ కొంత పోయినది. కాని పోయినదానిని తిరిగి తెచ్చుట కూడ నేర్చిరి. ఆ దశకపు చివరనుండి అటవీశాఖవారును, స్వామినాథన్ పరిశోధన సంస్థవారును గ్రామస్థులతో కలిసి, నీరాడక ఉప్పుదేరిన బీళ్ళలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటునీటిని లోనికి రానిచ్చి, మొక్కలు నాటిరి. మడ మరల లేచినది. యంత్రము కాదు, మంత్రము కాదు. నీటికి దారి యిచ్చిరి.

మనవి

కర్ణాటకపు మిట్టనేలలలోను, మహారాష్ట్రపు నగరములలోను స్థిరపడిన మన సోదరులకు ఈ ఉప్పుగాలి కథ దూరముగ తోచవచ్చును. కాని తరతరాలుగ పొరుగుభాషల నడుమ బ్రదుకుచున్న మన కుటుంబములలో ఎన్నింటికో మూలమున ఒక కరవో, వరదయో, పూడిన రేవో ఉండును. తాత ఏ సంవత్సరమున బయలుదేరెనో అడుగుదుము. ఏల బయలుదేరెనో అడుగము. ఇంటనున్న పెద్దలను ఆ రెండవ ప్రశ్న అడిగి, వారు చెప్పినదానిని తేదీతో వ్రాసియుంచుడని మా మనవి. ఏ ఏట నీరు ఎంతదాక వచ్చినదో, ఏ గుడిమెట్టు మునిగినదో, ఏ మెరక నిలిచినదో తెలిసిన ఇల్లు కొత్త ఇల్లు ఎక్కడ కట్టుకొనవలెనో తెలిసిన ఇల్లు.

యానామునకు వచ్చువారు ఒక పూట మిగుల్చుకొని కోరంగికి పోవలెను. అక్కడ మడ నడుమ కొయ్యబాట వేసియున్నారు. పోటువేళ పడవ కూడ దొరకును. పాయ వెంట సముద్రమువైపు పోవుచు పిల్లలకు చెప్పవలసినది ఇది: మీరు ఇప్పుడు పోవుచున్నది ఓడలదారి. ఈ చెట్లు నిలిచినచోట ఒకప్పుడు తెరచాపలు నిలిచెడివి. బర్మాలో మన తాతలను పిలిచిన పేరు ఈ ఊరిదే.